వొలాతిలె అన్న మాట

ఇటలీలో, అబ్రుజ్జో కొండల్లో మా ఊరి బడిలో ముప్పై ఎనిమిదేళ్లు రసాయనశాస్త్రం చెప్పాను. ఎంతమందిని గట్టెక్కించానో గుర్తులేదు. నవ్వి పంపేసిన పిల్ల ఒక్కతె మాత్రం గుర్తుంది.

పేరు లొరేతా. తల్లి శనివారం సంతలో కోళ్లూ, బాతులూ, పావురాలూ అమ్మేది. పిల్ల వెనక బెంచీలో కూర్చునేది. ఒక్కో మాటా వెతుక్కుంటూ నెమ్మదిగా మాట్లాడేది. నాకప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు, ఓపిక అసలే లేదు. క్లాసును నవ్వించే మాస్టారినని పేరొచ్చింది, ఆ పేరంటే నాకు మోజు.

ఒక మార్చి ఉదయం పిల్లల్ని పాఠం అప్పజెప్పమంటున్నాను. బల్లమీద ఈథర్ సీసా ఉంది.

"లొరేతా, వొలాతిలె అంటే ఏమిటి?"

మూత తీస్తే ఇట్టే ఆవిరైపోయే పదార్థాన్ని మేం అలా అంటాం. కోళ్లనూ పిట్టలనూ కలిపి చెప్పేటప్పుడూ మా భాషలో అదే మాట. ఆమె తల్లి కొట్టు బోర్డు మీద కూడా అదే రాసి ఉండేది.

"వొలాతిలె అంటే... మా గంపల్లో ఉండేవి మాస్టారూ. కోళ్లూ, పిట్టలూ..." అని ఆగింది.

క్లాసంతా గొల్లుమంది. నేను ఊరుకున్నానా? సీసా పైకెత్తి, "అయితే ఇది గుడ్లు కూడా పెడుతుందంటావా?" అన్నాను. ఎవడో వెనకనుంచి "కొక్కొక్కో" అని కూశాడు. ఆమె ఇంకేదో అనబోయింది.

"చాల్లే, కూర్చో" అని పదికి మూడు వేశాను.

అది మొదలు ఆమె కనిపిస్తే చాలు, వరండాలో కోడికూతలే. ఈస్టర్ సెలవులయ్యాక బడికి రాలేదు. తల్లికి సాయంగా సంతలో ఉంటోందన్నారు. నేను వెళ్లి అడగలేదు.

ఇరవై మూడేళ్లు గడిచాయి. ఒకరోజు టీచర్ల గదిలో కాఫీ తాగుతూ, ఎన్నోసారో, ఈ ముచ్చట నవ్వులాటగా చెప్పాను. అందరూ నవ్వారు. లాటిన్ చెప్పే పెద్దావిడ క్లేలియా గారు నవ్వలేదు.

"ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముందయ్యా? లాటిన్లో వొలారె అంటే ఎగరడం. వొలాతిలిస్ అంటే ఎగిరేది. ముందు పిట్టకే ఆ మాట. సీసాలోంచి కనపడకుండా పోయేవాటిని చూసి, ఇవీ ఎగిరిపోతున్నాయే అని తర్వాతెప్పుడో రసవాదులు దాన్ని వాడుకున్నారు."

"నేనడిగింది రసాయనశాస్త్రం కదండీ."

"అడిగావు. వినలేదు."

ఆ శనివారం సంతకు వెళ్లాను. తల్లి పోయాక కొట్టు లొరేతాదే. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"గుడ్లా మాస్టారూ, కోడా?"

ఆమె జవాబు తప్పు కాదనీ, నవ్విన నాదే తప్పనీ చెప్పాను. ఆమె కోడి కాళ్లు కడుతూనే వింది.

"ఆ రోజు నువ్వింకేదో అనబోయావమ్మా. ఏమిటది?"

"ఇప్పుడెందుకు లెండి."

"చెప్పు."

"గంప మూత తీస్తే పిట్ట పోతుంది, సీసా మూత తీస్తే ఈథర్ పోతుంది. అందుకే రెండిటికీ ఒకటే పేరేమో అని చెబుదామనుకున్నా. నాకు మాట తొందరగా రాదు గదా."

గబగబా ఏదేదో అన్నాను. పెద్దవాళ్లకు సాయంత్రం బడి ఉందనీ, నేనే చదివిస్తాననీ, పరీక్ష కట్టిస్తాననీ.

"తెల్లారగట్ల నాలుగింటికి లేస్తా మాస్టారూ. సాయంత్రానికి నిలబడి నిద్రపోతా" అంది నవ్వుతూ.

"పోనీ, నన్ను క్షమించానని అను."

ఆమె చేతులు ఆగాయి.

"అంటే మీకు హాయిగా ఉంటుంది. నాకేం మారదు. అందుకని అననులెండి, ఏమనుకోకండి."

ఇంతలో ఎవరో బాతు బేరం చేస్తూ వచ్చారు. ఆమె అటు తిరిగింది. నేను కొంచెంసేపు నిలబడి వచ్చేశాను.

ఉద్యోగంలో మిగిలిన పన్నెండేళ్లూ, పిల్లలు జవాబు మధ్యలో ఆగితే నోరు మెదపకుండా కూర్చునేవాణ్ణి. మాస్టారికి చెవుడొచ్చిందని వాళ్లు చెప్పుకునేవారు. చెప్పుకోనిచ్చాను.