పోశవ్వ వేషం

కరీంనగర్ కేబుల్ చానల్లో 'నవ్వుల అంగడి' మొదలై పదిహేనేళ్లు దాటింది. ప్రతి శుక్రవారం వచ్చే ఆ హాస్య నాటికల్లో జనం ఎదురుచూసేది గయ్యాళి అత్త పోశవ్వ కోసం. ఆ వేషం తిమోతిది. పగలంతా కరెంటాఫీసులో పనిచేసి, సాయంత్రం మొహానికి పౌడరు రాసుకుని, ముతక చీర కట్టుకుని అతను కెమెరా ముందు నిలబడితే చాలు, నవ్వులే. నాటికలు రాసేది లక్ష్మీరాజం, ఒకప్పుడు సిరిసిల్లలో మరమగ్గాలు నడిపిన మనిషి.

వనజది కోడలి వేషం. ఆమె మాటలన్నీ కలిపినా "సరే అత్తమ్మా" దాటేవి కావు. ఇంకొన్ని రాయమని అడిగితే లక్ష్మీరాజం, "పోశవ్వ గట్టిగ ఒర్రితెనే జనం నవ్వుతరు. నువ్వు మాట్లాడితే ఎవలు నవ్వుతరు?" అన్నాడు.

ఆ చలికాలం ఆదిలాబాద్ పత్తి వ్యాపారులు పిలిచి స్టేజీ మీద నాటిక పెట్టించారు. బస జిన్నింగు మిల్లులో. దూది నుసికి పొద్దునే తిమోతి గొంతు బొంగురుపోయింది, మధ్యాహ్నానికి మాటే పెగల్లేదు. సాయంత్రానికి మైదానం నిండింది. లక్ష్మీరాజం తల పట్టుకున్నాడు.

"నే జేస్త" అంది వనజ. "మాటలన్నీ నాకొస్తయ్."

"మరి కోడలెవలు?"

"లోపల పండుకున్నదని జెప్దాం. ఎవలు అడుగుతరు?"

తిమోతి తన పెట్టె తెరిచాడు. చీర తీసి ఆమె చేతిలో పెట్టి, "నా లెక్క నడవకు" అని గుసగుసగా అన్నాడు.

ఆమె అచ్చం అతనిలాగే నడిచింది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలోంచి ఒకాయన, "తిమోతిని స్టేజీ మీదికి తోలుండ్రి!" అని అరిచాడు. వనజకు తర్వాతి మాట గుర్తురాలేదు. అప్పుడామెకు తన సొంత అత్త శంకరవ్వ మెదిలింది. ఆమె ఎన్నడూ అరవదు, నవ్వుతూనే పొడుస్తుంది. వనజ స్టేజీ అంచున కూర్చుని, అరిచిన మనిషినే చూస్తూ మెల్లగా అంది:

"ఏం కొడుకా, ఇంట్ల నీ మాట ఎవలు ఇంటలేరా? గీడికొచ్చి ఒర్రుతున్నవ్?"

ముందు అతని భార్య నవ్వింది. తర్వాత ఆడవాళ్ల వరసలు, ఆ వెనక మైదానమంతా.

తిరుగు ప్రయాణంలో తిమోతి వ్యాను ముందు సీట్లో కూర్చున్నాడు, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. గొంతు బాగయ్యాక మళ్లీ చీర కట్టాడు గాని, ఆదిలాబాద్‌లో కెమెరాకెక్కిన నాటిక అప్పటికే చానల్లో వచ్చింది. "మెల్లగ మాట్లాడే పోశవ్వేది?" అని ఫోన్లు మొదలయ్యాయి. లక్ష్మీరాజం వనజ కోసం రాయసాగాడు. తిమోతి రావడం మానేశాడు.

వనజకు గెలిచినట్టు అనిపించలేదు. ఒక ఆదివారం చర్చి విడిచాక అతనింటికి వెళ్లింది. అతని భార్య గ్రేస్ చాయ్ పెట్టి పక్కనే కూర్చుంది.

"అన్నా, కోడలిని కన్న అవ్వ లేదా?"

తిమోతి తలెత్తాడు. "మనం ఎన్నడు చూపియ్యలే."

"గిప్పుడు చూపిద్దాం. పోశవ్వ మీదికి కొట్లాటకొస్తది."

"ఆమె ఒర్రుతదా?"

"బగ్గ ఒర్రుతది."

"అయితే రేపు పోతడు" అంది గ్రేస్.

తిమోతి కోడలి తల్లిగా వచ్చాడు. ఆ వియ్యపురాళ్ల కొట్లాట యేడాదంతా నడిచింది. అందులో లక్ష్మీరాజం రాసినవి సగం, వాళ్లిద్దరూ అప్పటికప్పుడు అనుకున్నవి సగం.