రేవుకి దిగే మెట్లు

పొద్దున లేవగానే సరంగు తలుపు తీసి మెట్లు లెక్కపెట్టుకునేవాడు. ఇల్లు రేవు పైన గుట్ట మీద ఉంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు మీద తొమ్మిది మెట్లు, ఆటు మీద పందొమ్మిది. మిగతా రోజుల్లో అటూ ఇటూగా పద్నాలుగు. పోస్టుమాన్‌కి మోకాళ్ళ నొప్పులు కాబట్టి పోటు చూసుకునే ఉత్తరాలు తెచ్చేవాడు.

ఆ రోజు అమావాస్య మర్నాడు. నీళ్ళు నిండుగా ఉన్నాయి. వెనక్కి తిరగడం మొదలైతే కానాగంత చేపలు గుంపులుగా మేతకొస్తాయి.

"గాలి బిగబట్టింది, చూశావా?" అంది అక్క, వల కుట్టే సూది ఆపకుండా.

"ఆకాశం అద్దంలా ఉందక్కా. ఇవాళ కాకపోతే మళ్ళీ పదిహేను రోజులు," అంటూ సరంగు చెప్పులేసుకున్నాడు.

ఇసుక మేటల మధ్య దారి అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. అతని పడవ కదిలితేనే మిగతా ఎనిమిదీ కదులుతాయి.

తొమ్మిది మెట్లు దిగాడు. రేవు రాలేదు. పందొమ్మిది దిగాడు. కింద పడవలు కనిపిస్తూనే ఉన్నాయి, దగ్గరవడం లేదు. ముప్పై దాటాక, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆవిడ ఎదురొచ్చింది, చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ. పదిహేనేళ్ళుగా ఆవిడ దగ్గరే ఐసు తీసుకుంటున్నాడు. "ఎన్ని దిమ్మలు?" అని ఆవిడ, "ఆరు" అని అతను. అంతకుమించి మాటల్లేవు.

"మీ దగ్గరికే వస్తున్నాను సరంగు గారూ. ఫ్యాక్టరీ గోడ మీది వాతావరణ యంత్రం ముల్లు రాత్రి నుంచీ పడిపోతూనే ఉంది, గాలివాన వస్తుంది. నలభై మెట్లు ఎక్కాను, మీ ఇల్లు రాదే."

"నాకు రేవు రావడం లేదు," అన్నాడు సరంగు. "ముల్లు తుప్పు పట్టిందేమో."

"నేనే నూనె వేస్తాను దానికి. తుప్పు పట్టదు."

ఆ మాటకి అతనికి నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి మరో ఇరవై దిగి, ఇక లాభం లేదని చతికిలబడ్డారు. ఆవిడ చేతులు ఐసుకి పగిలి ఉన్నాయి. ఏం రాసుకుంటారని అడిగాడు. ఏమీ రాసుకోనంది. భార్య పోయాక వంటంతా అక్కే చేస్తుందని, ఉప్పు ఎప్పుడూ ఎక్కువేనని చెప్పాడు. తన ఒక్కదానికే వండుకునే కూరలో ఎప్పుడూ తక్కువేనని ఆవిడ ఒప్పుకుంది. నీళ్ళు ఎప్పుడు వెనక్కి తిరిగాయో ఇద్దరూ గమనించలేదు.

మాట మధ్యలో గాలి దక్షిణం నుంచి విసురుగా కొట్టింది. సముద్రం నల్లబడింది. మేటల అవతల అలలు గోడల్లా లేచి విరిగిపడుతున్నాయి. తొమ్మిది పడవలూ రేవులోనే తాళ్ళు లాగుతూ ఊగుతున్నాయి. మనుషులు వాటిని గట్టిగా కడుతూ, సరంగు ఇంకా దిగలేదేమిటా అని పైకి చూస్తున్నారు.

సరంగు పడవల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు.

"లేవండి, తడిసిపోతాం," అంది ఆవిడ.

నాలుగు మెట్లెక్కేసరికి గుమ్మం వచ్చింది. అక్క అప్పటికే మూడు కంచాలు పెట్టింది. ఐసు ఫ్యాక్టరీ ఆవిడ, కూరలో ఉప్పు గురించి ఒక్క మాట అనలేదు, రెండోసారి వడ్డించుకుంది.

పౌర్ణమి వెళ్ళిన ఎనిమిదో నాడు సరంగుకీ ఆవిడకీ పెళ్ళి. తేదీ అక్కే పెట్టింది. ఆ రోజుల్లో ఆటుపోట్లు మందంగా ఉంటాయి, చేపలు మేతకి రావు, పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. అందుకని రేవులో ఉన్నవాళ్ళంతా వచ్చారు.