మూడో సంతకం

ఆఫీసులో అందరూ ఆమెను మూడో సంతకం అనే పిలుస్తారు. లిఫ్టు పరీక్ష కాగితం మీద నాలుగు సంతకాలుండాలి. తన తర్వాత ముగ్గురు చూస్తారు కదా అని మెకానిక్ మొదటిది పెడతాడు. అతను చూసే ఉంటాడని సూపర్‌వైజరు రెండోది పెడతాడు. ముగ్గురు చూశాక తాను కూడా చూస్తే వాళ్ళను అవమానించినట్టని పెద్దసారు నాలుగోది పెడతాడు. ఆరేళ్ళుగా ఆమె కూడా పైనున్న రెండూ చూసి తనది గీకేస్తూ వచ్చింది.

ఆ రోజు కంటి ఆసుపత్రి లిఫ్టు కాగితం వచ్చింది. బ్రేకు నిన్న పరీక్షించినట్టు రాసి ఉంది. నిన్న మెకానిక్ పంటి నొప్పితో సెలవు పెట్టాడు. ఆ సెలవుచీటీ రాసిపెట్టింది ఆమే.

"బాబాయ్, నిన్న నువ్వు రాలేదుగా?"

"రాకపోతే ఏంటమ్మా? ఆ లిఫ్టు నా మేనల్లుడి లాంటిది. దాని గుణం నాకు తెలీదూ?"

"బ్రేకు చూశావా?"

"కింద సూపర్‌వైజరు సంతకం ఉందిగా. అంత చదువుకున్నాయన ఊరికే పెడతాడా?"

ఇంతలో ఆఫీసులో నెలనెలా పెట్టే నైతిక విలువల తరగతికి పిలుపొచ్చింది. పాఠం చెప్పడానికొచ్చిన పంతులుగారు బోర్డు మీద అదుపు తప్పిన రైలుబండి బొమ్మ గీశారు. ఒక పట్టాల మీద ఐదుగురు, ఇంకో పట్టాల మీద ఒక్కడు. ఎవరిని కాపాడతారు? సూపర్‌వైజరు ఐదుగురి వైపు నిలబడ్డాడు. "ఒక్కడిదైనా ప్రాణం కాదా?" అంటూ పెద్దసారు కళ్ళు తుడుచుకున్నాడు. టీలు చల్లారిపోయినా వాదన చల్లారలేదు.

ఆమె లేచి నిలబడింది. "సార్, ఒక కంటికి కట్టుతో రోజూ రెండొందల మంది కంటి ఆసుపత్రి లిఫ్టు ఎక్కుతారు. బ్రేకు ఎవరూ చూడలేదు."

పెద్దసారు నొచ్చుకున్నాడు. "అది ఆఫీసు పనమ్మా. ఇది నీతి. రెండూ కలపకూడదు."

ఆమె కూర్చుని, లిఫ్టు కాగితం మీద మూడో గడిలో 'బ్రేకు ఎవరూ చూడలేదు' అని రాసి, సంతకం చేసి ఆయన ముందు పెట్టింది. పెద్దసారు కింద సంతకం గీకి, ముద్ర కొట్టి, "ఇప్పుడు బుద్ధిగా ఉన్నావు" అన్నాడు.

సాయంత్రం ఆమే కాగితం పట్టుకెళ్ళి ఆసుపత్రిలో పెద్ద నర్సుకిచ్చింది. దాన్ని చదివిన మొదటి మనిషి ఆవిడే.

"నాలుగు సంతకాలున్నాయి. నలుగురిలో ఒక్కరూ చూడలేదా?"

"లేదక్కా. నలుగురమూ చూడలేదు."

నర్సు ఆమె వంక ఒకసారి చూసి, లిఫ్టు కరెంటు ఆపేసింది.