బ్రైడీ పళ్లెం

పళ్లెం మీద కప్పిన ప్లాస్టిక్ కాగితం లోపల ఆవిరి చుక్కలు.

బయట గడ్డి మీద మంచు. పొద్దున్నే రెండూ నాకోసమే కాచుకున్నట్టుండేవి.

ఆస్ట్రేలియాలోని ఆర్మిడేల్‌లో మా కాలేజీ హాస్టల్‌ది పాత అలవాటు. భోజనం వేళకి రాలేని పిల్లలకి పళ్లెం తీసిపెట్టి, కప్పి, పైన పేరు రాసి ఫ్రిజ్‌లో ఉంచుతాం. ముప్ఫై ఏళ్లుగా ఆ రాత వంటవాడు మెర్విన్‌ది... అంటే నాది.

బ్రైడీ. హాస్టల్ పిల్లల్లో ఒకతి. ఆ పేరు రోజూ రాసేవాణ్ణి, కింద ఓ వేళాకోళం కూడా.

రోజూ తీసిపెట్టమనేది. రోజూ ముట్టేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాప్లర్ చెట్ల వెనకనుంచి భోజనాల గదికి వచ్చింది. కళ్లు ఎర్రగా. గంజాయి వాసన. నిలబడే బ్రెడ్డు కాల్చుకుంటోంది, తింటోంది, మళ్లీ కాల్చుకుంటోంది. జామ్ వేలితోనే.

తింటోంది కదా అని నాకు సంబరం. సంబరమొస్తే నా నోరు ఊరుకుంటుందా?

"ఏం పిల్లా, మా ఊళ్లో ఓ కంగారూ ఇలాగే మేసింది. చివరికి దాని సంచిలో మా నాన్న ట్రాక్టరు దొరికింది!"

అందరూ నవ్వారు. బ్రైడీ కూడా నవ్వింది.

ముక్క మాత్రం చేతిలోనే ఆగిపోయింది.

తర్వాత పళ్లెం అడగలేదు. సోమవారం. మంగళవారం. బుధవారం... పాప్లర్ ఆకులు రాలుతున్నాయి. ఆమె చొక్కా చేతులు వదులవుతున్నాయి.

గురువారం వంటింటి వెనక మెట్ల మీద కనబడింది. పక్కన కూర్చున్నాను.

"పొగ పీలిస్తేనే తినగలను మెర్వ్ తాతా. తిన్నానా, రెండు రోజులు పస్తు. శిక్ష."

"ఎవరు వేశారే?"

"నేనే."

కంచె మీద మాగ్‌పై పిట్ట అరిచింది.

"ఆ కంగారూ అబద్ధం," అన్నాను.

"తెలుసులే. ట్రాక్టరెలా పడుతుంది?"

"నాదే తప్పు పిల్లా. రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదామా? నోరు మూసుకుని కూర్చుంటా."

"నువ్వా! నోరు మూసుకునా!"

చిన్న నవ్వు. తర్వాత —

"చూస్తా."

ఆ సాయంత్రం అడక్కుండానే చిన్న పళ్లెం తీసిపెట్టాను. కాల్చిన బంగాళాదుంపలు, కాస్త గుమ్మడికాయ. పైన పేరు. పేరు కింద వేళాకోళం రాయలేదు.

శుక్రవారం. గడ్డి మీద మంచు. మంచులో పిట్ట అడుగులు.

ఫ్రిజ్ తెరిచాను. పళ్లెం అక్కడే ఉంది. గుమ్మడికాయ అలాగే ఉంది. దుంప ఒక్కటే.

రెండు పెట్టాను. రెండే పెట్టాననుకుంటాను... కోతలు కోసే నోటిని ఏం నమ్మేది?

కాగితం లోపల ఆవిరి చుక్కలు.

ఒక మూల మాత్రం — ఎవరో ఎత్తి మళ్లీ కప్పినట్టు, పొడిగా ఉంది.