బాలింత గది చక్రం

షావుకారు ఇంటి పెద్దకోడలు పాపాయి చనిపోయింది పుష్యమాసంలో, చలి బాగా ముదిరిన రోజుల్లో. పురుడు పోసింది రూతు. మద్రాసులో మంత్రసానితనం చదువుకుని వచ్చి, రాజమహేంద్రవరం మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న మనిషి. బజారు వీధి షావుకార్ల ఇళ్లలో కూడా పురుడంటే ఆమెకే కబురు వచ్చేది. పాపాయికి కాన్పు సులువుగానే అయింది. బిడ్డ గట్టిగా ఏడ్చింది. వెళ్లబోతూ రూతు, "ఆ కిటికీ కొంచెం తీసి ఉంచండి అమ్మగారూ. కుంపటి పొగ బయటికి పోవాలి" అని అత్తగారు అమ్మణ్ణికి చెప్పింది. బాలింతకి చలిగాలి తగిలితే సన్నిపాతం వస్తుందని అమ్మణ్ణికి భయం. ఆమె తల్లీ ఆ మాటే చెప్పింది, తల్లికి తల్లీ ఆ మాటే చెప్పింది. రూతు గుమ్మం దాటగానే కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది. తెల్లవారి తలుపు తీసేసరికి తల్లీబిడ్డలు నిద్రపోతున్నట్టే ఉన్నారు. ఎంత పిలిచినా లేవలేదు.

కబురు అందగానే రూతు ఆ ఇంటికి వెళ్లి, కిటికీ సందుల్లో కుక్కిన గుడ్డలు చూసి వచ్చింది. తర్వాత ఒకరోజు అన్నం వడ్డిస్తూ భర్తతో అంది: "కిటికీ తీయమంటే ఎవరూ తీయరండి. వాళ్ల భయం అబద్ధం కూడా కాదు, ఆ చలి నిజంగా చలే. లోపలికి వచ్చే గాలి వెచ్చగా ఉంటే మూసుకోరు కదా?"

యెహెజ్కేలు ధవళేశ్వరం ఆనకట్ట వర్కుషాపులో ఫిట్టరు. "వేడి ఎక్కడినుంచి తెస్తావు? ఇంకో కుంపటా?" అన్నాడు.

"ఇంకోటి ఎందుకు? ఉన్న కుంపటి వేడే పొగతోపాటు బయటికి పోతోంది. పొగని పోనిచ్చి, వేడిని మాత్రం కిటికీ దగ్గరే పట్టి ఉంచాలి."

అలా మొదలైంది ఆ పని. కిటికీ స్థానంలో అమర్చే చెక్క పెట్టె ఒకటి. నిలువుగా పలక అడ్డంపెట్టి దాన్ని రెండు దారులు చేశారు. ఒక దారిలో గది గాలి బయటికి పోతుంది, రెండో దారిలో బయటి గాలి లోపలికి వస్తుంది. రెండు దారులకీ అడ్డంగా ఒక చక్రం, సగం ఇటు, సగం అటు. కిరసనాయిలు డబ్బాల రేకుని సన్నని పట్టీలుగా కోసి, ఒకటి సాపుగా, ఒకటి మడతలు మడతలుగా పెట్టి చుట్టలా చుడితే చక్రం నిండా తేనెపట్టులాంటి కన్నాలు ఏర్పడ్డాయి. వేడిగాలి పోయే దారిలో ఉన్న సగం కాగుతుంది. చక్రం మెల్లగా తిరిగి ఆ సగమే చలిగాలి దారిలోకి వచ్చి, వచ్చే గాలిని వెచ్చబరుస్తుంది. గాలిని తోయడానికి రెండు చిన్న రెక్కల పంకాలు. అన్నిటికీ కలిపి ఒకటే పిడి. బాలింత దగ్గర రాత్రీపగలూ ఎవరో ఒకరు కూర్చోవాలి. కబుర్లు చెప్పుకుంటూ ఒక చేత్తో తిప్పితే చాలు.

ఆసుపత్రిలో అది బాగానే పనిచేసింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. అప్పుడే రూతుకి కొత్త దిగులు పట్టుకుంది. ఎవరో దీన్ని చూసి, అడ్డుపలక సరిగా బిగించకుండా, వదులు చక్రం పెట్టి అమ్మితే? కొన్నవాళ్లు గాలి వస్తోందన్న ధైర్యంతో తలుపులన్నీ మూసుకుంటారు. ఇది ఎలా చేయాలో చెప్పే హక్కు తన చేతిలో ఉండాలి. కొత్తగా కనిపెట్టినవాళ్లకి దొరతనం వారు అలాంటి హక్కు ఇస్తారని, దాన్నే పేటెంటు అంటారని విని, కలకత్తాకి అర్జీ పెట్టింది. వాళ్లు దాన్ని పరీక్షించి రిపోర్టు రాయమని రాజమహేంద్రవరం కాలేజీలో ప్రకృతిశాస్త్రం చెప్పే వెంకటసుబ్బారావుకి పంపారు.

ఆయన తెల్లటి తలపాగా, చేతిలో రెండు ఉష్ణమాపకాలతో ఒక ఉదయం ఆసుపత్రికి వచ్చాడు. కాగితాలు ఒకసారి తిరగేసి యెహెజ్కేలు వైపు చూశాడు.

"అర్జీలో ఈవిడ పేరు ఉంది. చేసింది మీరు కదండీ?"

"రేకు కోసి చక్రం చుట్టింది నేనేనండి. చక్రం కావాలన్నది ఆవిడ. నేనైతే ఇంకో కుంపటి పెట్టేవాణ్ణి" అన్నాడు యెహెజ్కేలు.

వెంకటసుబ్బారావు నవ్వలేదు, రాసుకున్నాడు. ఖాళీ గదిలో కుంపటి పెట్టించి, లోపలికి వచ్చే గాలి ముందు ఒక ఉష్ణమాపకం, బయట ఒకటి పెట్టి చాలాసేపు చూశాడు. గాలి వెచ్చగానే వస్తోంది. రూతు ముఖం విప్పారింది. అప్పుడాయన ఒక ధూపపాత్రలో సాంబ్రాణి వేసి, గాలి బయటికి పోయే దారి మూతికి ఆనించి పట్టుకున్నాడు. పొగంతా ఆ దారిలోకే లాక్కుపోయింది.

"ఇప్పుడు రెండో దారి దగ్గర చూడండి రూతమ్మగారూ."

రూతు వంగి చూసింది. వెచ్చటి గాలితోపాటు సన్నగా పొగ వస్తోంది. సాంబ్రాణి వాసన ముక్కుకి తగిలింది.

"బయటికి పంపిన గాలిలో కొంత తిరిగి గదిలోకే వస్తోందండి. సాంబ్రాణి కాబట్టి తెలిసింది. బొగ్గు విషవాయువుకి వాసన ఉండదు. దీన్ని బాగుందని రాయడం నా వల్ల కాదు" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, తప్పు పట్టుకున్న సంతోషమూ లేదు.

రూతు వేలు పెట్టి ఆ పొగ వచ్చే చోటు వెతికింది. తను ఎవరో చేస్తారని భయపడ్డ ప్రమాదం తన పెట్టెలోనే ఉంది.

"రిపోర్టు ఇవాళే పంపాలాండి?"

"ఇవాళే పంపాలని ఎక్కడా లేదు. మీరు సరిచేస్తానంటే మళ్లీ వచ్చి చూస్తాను. కానీ పరీక్ష మాత్రం ఇదే."

"ఇదే పెట్టండి. ఇంతకన్నా కష్టమైంది ఉన్నా పెట్టండి" అంది రూతు.

అడ్డుపలకకీ చక్రానికీ మధ్య సందులోంచి పొగ కారుతోందని యెహెజ్కేలు అనుకున్నాడు. తోలుపట్టీలు కొట్టి సందు మూశాడు. పొగ తగ్గింది, పోలేదు. ఇంకా బిగిస్తే చక్రం తిరగనంది. ఆదివారం ఆరాధన అయ్యాక కూడా ఇద్దరూ ఆ పెట్టె ముందే కూర్చునేవారు.

జవాబు ఆసుపత్రిలో దొరికింది. ఒక రోగికి పుండు కడిగిన పిచికారీని రూతు మరో రోగికి వాడబోతూ, అలవాటుగా ముందు మంచినీళ్లు ఎక్కించి పారబోసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. పిచికారీ ఖాళీ అయినా లోపల పాత నీళ్లు కొంచెం మిగిలే ఉంటాయి, అందుకే కడుగుతాం. చక్రం కన్నాల్లోనూ అంతే! పొగదారిలో నిండిన గాలి, చక్రం తిరిగేటప్పుడు ఆ కన్నాల్లోనే కూర్చుని మంచి దారిలోకి వచ్చేస్తోంది. సందులు ఎంత మూసినా ఏం లాభం?

"కడగాలండీ!" అంది ఇంటికి రాగానే. "చక్రం పొగదారి దాటి మంచి దారిలోకి వచ్చేలోపు మధ్యలో చిన్న అర కావాలి, విసనకర్ర ముక్కలా కోసుగా ఉండాలి. అక్కడ బయటి గాలిని కొంచెం కన్నాల్లోంచి తోసి మళ్లీ బయటికే పంపేయాలి."

"ఆ గాలి కొంత వేడిని పట్టుకుపోతుంది కదా?"

"పోనివ్వండి. వేడి కొంచెం తగ్గితే దుప్పటి కప్పుకుంటారు."

ఆ అర చేయడానికి పెట్టె మొత్తం విప్పాల్సి వచ్చింది. విప్పాడు. చక్రం కూడా ఇంకోటి చుట్టాడు.

రెండో పరీక్ష ఆసుపత్రిలో జరగలేదు. ఈ సంగతి ఎలా విందో, అమ్మణ్ణి మనిషిని పంపి రూతుని పిలిపించింది. ఆమె చిన్నకోడలికి నెలలు నిండుతున్నాయి. ఏడాదిలో అమ్మణ్ణి సగమైపోయింది. రూతుని చూసి తల తిప్పుకోలేదు.

"ఆ యంత్రమేదో మా ఇంట్లో పెట్టి చూపించు రూతమ్మా. ఆ గదిలోనే. నేనే లోపల కూర్చుంటాను. చలి వేస్తే చలి వేసిందనే చెబుతాను. నీ ముఖం చూసి అబద్ధం చెప్పను."

"అలాగే చెప్పండి అమ్మగారూ."

మళ్లీ పుష్యమాసపు చలి. గోదావరి మీద మంచు ఇంకా విడని పొద్దున వెంకటసుబ్బారావు వచ్చాడు. కిటికీ తీసి పెట్టె అమర్చారు. కుంపటి వెలిగించారు. అమ్మణ్ణి మంచం మీద, గాలి వచ్చే దారికి ఎదురుగా కూర్చుంది. యెహెజ్కేలు పిడి అందుకున్నాడు. ఉష్ణమాపకాలు చూసుకున్నాక వెంకటసుబ్బారావు ధూపపాత్రని పొగదారి మూతికి ఆనించాడు. రూతు రెండో దారి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. పొగ కనబడలేదు. ఆయన ఇంకొంచెం సాంబ్రాణి వేశాడు. ఆ తర్వాత ఆయనే వచ్చి, గాలికి ముఖం పెట్టి, కళ్లు మూసుకుని పీల్చాడు.

"వాసన లేదు" అన్నాడు. మళ్లీ పీల్చి, "లేదండి" అన్నాడు.

"చలిగా ఉందా అమ్మగారూ?" అని అడిగింది రూతు.

అమ్మణ్ణి అరచెయ్యి చాపి గాలికి పెట్టింది. పైట కొంచెం జరిపి మెడ మీద తగలనిచ్చింది. "ఎండ పడిన అరుగు మీద కూర్చున్నట్టుంది" అంది చివరికి. ఆ మాట అన్నాక ఆమెకి దుఃఖం ఆగలేదు. పాపాయి పేరు ఎత్తకుండానే చాలాసేపు ఏడ్చింది. రూతు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. వెంకటసుబ్బారావు తలపాగా సర్దుకుంటూ వసారాలోకి వెళ్లిపోయాడు.

పరీక్ష అంతటితో అయిపోలేదు. వసారాలో ఆయన కాగితాలు పరిచాడు.

"పనిచేస్తుంది, అది రాస్తాను. కానీ మీ అర్జీలో మొదటి మాట నిలవదు. 'వేడిని పట్టి ఉంచి తిరిగి ఇచ్చే ఏ సాధనమైనా' మీదేనన్నారు. ఇనుము కరిగించే కొలుముల్లో ఇటుకల గదులతో ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నారు."

"ఆ ఇటుకలు తిరగవు కదండీ! వాళ్లు గాలినే ఒకసారి ఇటు, ఒకసారి అటు మళ్లించాలి. ఇక్కడ గాలి ఎప్పుడూ ఒకేవైపు పోతుంది, చక్రమే తిరుగుతుంది."

"ఆ మాటే రాయండి. ఇళ్ల గాలికి వాడే తిరిగే చక్రం, దానికి కడిగే అర. ఆ రెండూ కలిసింది నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. అంతవరకు మీది."

రూతుకి ఆ మొదటి మాట అంటే ఇష్టం. ఎంతో ఆలోచించి రాసుకుంది. అది కొట్టేస్తే తన ఆలోచనలో సగం వదులుకున్నట్టే అనిపించింది. "కొట్టకపోతే?"

"నేను కాదని రాస్తాను. తర్వాత కలకత్తా వారి ఇష్టం."

ఆమె కలం అడిగి తీసుకుంది. ఆ వాక్యం మీద గీత గీసి, కడిగే అర గురించి కింద కొత్తగా రాసింది. అర లేకుండా చేసిన చక్రం బాలింత గదికి పనికిరాదని కూడా రాసి సంతకం చేసింది. వెంకటసుబ్బారావు చదివి, "ఇది గట్టిగా ఉంది" అన్నాడు. ఆయన పొగిడింది అదొక్కసారే.

కలకత్తా నుంచి పేటెంటు కాగితం వచ్చేసరికి ఎండలు మొదలయ్యాయి. చిన్నకోడలి పురుడు అంతకుముందే, చలి ఉండగానే అయిపోయింది. ఆడపిల్ల. పిడి తిప్పడానికి అమ్మణ్ణి ఎవరినీ నమ్మక చాలావరకు తనే కూర్చుంది. ఇప్పుడు పిల్లకి నలుగు పెడుతున్న రూతుతో, "ఏంటి రూతమ్మా, కాగితం వచ్చిందటగా? ఈ వడగాలికి కూడా ఏమైనా చేస్తుందా నీ చక్రం?" అని అడిగింది.

రూతు నలుగు చేతులతోనే ఆగింది. లోపల చల్లగా ఉంచగలిగితే చక్రం ఆ చల్లదనాన్ని పట్టి, వచ్చే వడగాలికి ఇవ్వాలి. వట్టివేళ్ల తడిక తడిపి గదిలో ఒకవైపు పెడితే?

"తెలీదండి. రేపు మా ఆయన్ని తీసుకొస్తాను. ఆ కిటికీ నాకు వదిలేయండి" అంది.