ఇంటర్వెల్ తర్వాత కథ

“ఏమిటే ఆ చప్పుడు? గిన్నెలు తోముతున్నావా, వాటితో కుస్తీ పడుతున్నావా?” అని ముందుగదిలోంచి కేకేశాడు గుమస్తా. ఉద్యోగం వదిలి ఎన్నాళ్ళయినా ఆయన్ని వీధిలో గుమస్తాగారనే అంటారు.

వంటింట్లో ఆయన భార్యకు పలికే తీరికేదీ? తెల్లారకముందే బట్టలు ఉతికి ఆరేసింది. వంట ముగించింది. రాత్రికి కూర కూడా తరిగి మూతపెట్టింది. టీ కాచి ఫ్లాస్కులో పోసింది. ఆ పూట తనను కూర్చున్నచోటు నుంచి లేపే పని ఈ భూమ్మీద ఒక్కటి కూడా మిగలకూడదని ఆవిడ పంతం. ఎందుకంటే కూతురు ఎక్కడెక్కడో వెతికి ఆ పాత సినిమాని సంపాదించింది. ఆకాశంలోంచి ఊడిపడిన జిగురుముద్ద మనుషుల్ని మింగే సినిమా. పెళ్ళైన కొత్తలో ఆవిడ సగం చూసిన సినిమా.

సగమేమిటంటారా? ఆవిడ చూసిన సినిమాలన్నీ సగమే. అత్తగారు మ్యాట్నీకి పంపేది, పంపలేదంటే కళ్ళు పోతాయి. కానీ గడప దాటేలోపు ఒక మాట మాత్రం అనేది: “సాయంత్రం కుళాయి వచ్చేసరికి కోడలు ఇంట్లో ఉండాలి. ఈ వయసులో బిందెలు నేను మొయ్యనా?” అందుకని తెరమీద ‘విశ్రాంతి’ అని అక్షరాలు పడగానే ఆవిడకు పని మొదలయ్యేది. మొగుడు కాళ్ళు ముడుచుకుని దారిచ్చేవాడు, ఆపాటి దయ ఉండేది. “నువ్వు పద, నేను చివరిదాకా చూసొచ్చి చెప్తాగా” అనేవాడు. బిందెలు నిండి, పొయ్యి వెలిగి, వచ్చినాయన ముందు కంచం పెట్టి “తర్వాత ఏమైందండీ?” అని ఆశగా అడిగితే, “ఏముంది, చచ్చింది. కూర వెయ్యి” అనేవాడు. అది జిగురుముద్ద చావా, మనిషి చావా అన్నది కూడా తేలేది కాదు.

కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆవిడకు ఇంటర్వెలమ్మ అని పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్ళే చుట్టూ చేరి, “ఇంటర్వెలమ్మా, కథ చెప్పవే” అని బతిమాలేవాళ్ళు. వాళ్ళకు ఆ సగమైనా దొరికేది కాదు మరి. నడిమధ్యలో ఆపేస్తే ఎవరూరుకుంటారు? తక్కినది ఆవిడే అల్లేది, బిందె నిండేలోగా.

అలా అల్లినవాటిలో జిగురుముద్ద కథకు ఆయుష్షు ఎక్కువ. కూతురు అన్నం తినకుండా మారాం చేస్తే ముద్దకో ముక్క చొప్పున అదే చెప్పేది. శాస్త్రవేత్తమ్మ లిఫ్టులో చిక్కుకుపోతుంది, పైకప్పు సందులోంచి జిగురు బొట్లు బొట్లుగా దిగుతుంది. అంతవరకూ సినిమా. ఆ మీదట శాస్త్రవేత్తమ్మ జడలోంచి పిన్ను లాగి, మీటల పెట్టె విప్పి, ఈ తీగకీ ఆ తీగకీ ముడేసి, లిఫ్టును పైకీ కిందకీ ఆడించి జిగురుముద్దను పచ్చడి చేసేస్తుంది. “ఏ తీగ ముందమ్మా?” అని పిల్ల నోరు తెరిచేది. తెరిచిన నోట్లో ముద్ద పడేది. ఆ పిల్లే పెద్దదై లిఫ్టుల మెకానిక్కయింది. “ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవరేమిటి, నవ్విపోతారు” అని తండ్రి గోల పెట్టినప్పుడు, “సినిమాలో ఆవిడ చెయ్యలేదా నాన్నా? నువ్వు చివరిదాకా చూశావుగా!” అని నిలదీసింది. ఆయన కాదనలేకపోయాడు. గుర్తుంటే కదా! చెప్పీ చెప్పీ ఇంటర్వెలమ్మకే ఆ సగం కళ్ళారా చూసినట్టు నమ్మకం కుదిరిపోయింది. ఇవాళ ఆవిడకు సగం సంబరం, సగం ఆ నమ్మకం నిలుస్తుందో లేదోనన్న గుబులు.

కూతురు పనిబట్టలతోనే వచ్చింది, తన పిల్లను వెంటబెట్టుకుని. సినిమా మొదలైంది. ఆకాశంలోంచి నిప్పులు కక్కుతూ రాయి దిగింది.

“అమ్మమ్మా, రాయికి దారం కనిపిస్తోంది!” అని పిల్ల చప్పట్లు కొట్టింది.

“ఉండవే, భయపడనీ!” అని అమ్మమ్మ దిండు గట్టిగా పట్టుకుంది.

జిగురుముద్ద దొర్లుకుంటూ వచ్చింది. రబ్బరు దుప్పటి కింద ఎవరో వంగి నడుస్తున్నారు, చెప్పులు తెలిసిపోతున్నాయి. “రాక్షసుడు చెప్పులేసుకున్నాడు!” అని పిల్ల నేలమీద దొర్లింది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఇంటర్వెలమ్మే.

“దీనికా ఆ రోజు నా చెయ్యి రక్కేశావు?” అన్నాడు గుమస్తా.

“మీ చెయ్యి కాదండీ. మీదనుకునే రక్కాను, చూస్తే పక్కావిడది.”

లిఫ్టు ఆగింది. జిగురు దిగింది. ‘విశ్రాంతి’ అని పడింది. ఆవిడ కాళ్ళు వాటంతటవే నేల వెతుక్కున్నాయి.

“ఎలాగూ లేచావు, కాస్త టీ ఇలా పట్రా” అన్నాడాయన.

“ఫ్లాస్కులో ఉంది. పోసుకోండి” అని కూర్చుంది. రెండో సగం!

లిఫ్టులో శాస్త్రవేత్తమ్మ కెవ్వుమంది. నుదుటిమీద చెయ్యి ఆనించింది. మూర్ఛపోయింది. హీరో వచ్చి భుజంతో తలుపు గుద్దాడు, అట్టతలుపు ఊగి పడిపోయింది. ఆవిణ్ణి ఎత్తుకెళ్ళి మంచంమీద పడుకోబెట్టాడు. తర్వాత హీరో పరుగులు, హీరో స్నేహితుడి పరుగులు, వాళ్ళ పై అధికారి పరుగులు. మధ్యమధ్యలో మంచం. పెదాల రంగు కూడా చెదరలేదు మహాతల్లికి.

“అమ్మా, పిన్నేదీ?” అంది కూతురు మెల్లగా.

గుమస్తా తొడ చరిచాడు. “అద్గదీ! ఇన్నేళ్ళూ కోతలు కోసిందన్నమాట. వీటిని నమ్మి నువ్వు ఆ గ్రీజు ఉద్యోగంలో పడ్డావ్!”

ఇంటర్వెలమ్మ ముఖం భగ్గుమంది. కూతురి గోళ్ళ అంచుల్లో నల్లటి గీతలు కనబడ్డాయి. లేని ముక్క చెప్పి కూతురి బతుకును దానిమీద నిలబెట్టానా అని ప్రాణం గిలగిల్లాడింది. అన్నేళ్ళూ బిందె చంకన పెట్టుకుని సినిమా హాలు వైపు తిరిగి తిరిగి చూసింది, అక్కడేదో నిధి వదిలొచ్చినట్టు. నిధా ఇది? తను వెళ్ళిపోయాక అక్కడ జరిగింది ఇదా, ఒక ఆడమనిషి నిద్ర? జీతాలిచ్చి, లైట్లు పెట్టి, ఇంతమంది కలిసి ఆలోచించినా, చదువుకున్న ఆడదాన్ని పడుకోబెట్టడం తప్ప ఇంకోటి తట్టలేదా వీళ్ళకి? కుళాయి దగ్గర నిలబడి, తడిచీరతో, బిందె నిండేలోగా తనకు తట్టిందే! సిగ్గు ఎటు పోయిందో పోయింది. లోపలినుంచి నవ్వు పొంగుకొచ్చింది.

కూతురు తండ్రివైపు తిరిగింది. “లిఫ్టు తలుపును భుజంతో గుద్దితే గుద్దినవాడే గోతిలో పడి చస్తాడు నాన్నా. అమ్మ కథలోనే బుర్ర ఉంది. పిన్నుతో పనవుతుందా అంటావా, ఆ సంగతి నేను చూసుకుంటాలే.”

“మరి ఆవిడెప్పుడు లేస్తుంది?” అని పిల్ల విసుక్కుంది.

“చివర్న, పెళ్ళికి” అన్నాడు గుమస్తా. అది మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది ఆయనకు.

ఇంటర్వెలమ్మ ఆయన ఒళ్ళో రిమోట్ అందుకుని టీవీ ఆపేసింది.

“ఏయ్, ఇంకా అయిపోలేదు! అసలైంది ముందుంది!”

“ఉంది లెండి” అని మనవరాలిని దగ్గరకు లాక్కుంది. “ఇదిగో, ఇప్పుడు లేచింది.”