పొదిగే పెట్టె తలుపు

పోయిన కరెంటు ఒక పూట గడిచాక గానీ రాలేదు. అప్పటికే మా అమ్మాయి కోడిగుడ్లు పొదిగించే పెట్టె చల్లబడిపోయింది. అందులోవి పిల్లలయ్యే వేళకు వచ్చిన గుడ్లు. ఈ దఫా పిల్లలు దిగకపోతే, అరువు తెచ్చిన పెట్టెను తిరిగి ఇచ్చేసి అమ్మాయి మళ్లీ మందుల షాపు కౌంటరు వెనక నిలబడాలి. అక్కడ దాని మొహం ఎలా వాడిపోయేదో నాకు తెలుసు.

పశువుల డాక్టరుకు ఫోన్ చేసింది. ఏమన్నాడని అడిగాను.

"అప్ ఇన్ ది ఎయిర్ అన్నాడమ్మా."

"అంటే పోయినట్టేనా?"

"కాదు."

"బతికినట్టా?"

"అదీ కాదు. పైకి విసిరింది ఇంకా కింద పడలేదు, ఏ పక్క పడుతుందో తెలీదని. పరీక్ష రిజల్టు రాలేదనుకో, అలా అంటారు. ఇల్లు అద్దెకిస్తాడో లేదో తేల్చలేదనుకో, అప్పుడూ అంటారు."

"ఎటూ తేలలేదంటే సరిపోయేదిగా. ఫీజు ఎక్కువ గుంజడానికి కాకపోతే ఇంగ్లీషెందుకు?"

"నీకన్నీ అనుమానాలే మహాతల్లీ!"

నాకు చదువు తక్కువ, భయం ఎక్కువ. చెడ్డ కబురైతే తట్టుకుంటాను. ముందే పదిసార్లు ఊహించేసి ఉంటాను కదా. ఎటూ కాని కబురుతోనే చావు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ముందు గదికీ పెట్టెకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాను. ఒక్కసారి తలుపు తీసి ఒక గుడ్డు చెవికి ఆనించుకుంటే తెలిసిపోదూ!

గడియ మీద చెయ్యి వేశానో లేదో, అరిచింది.

"చెయ్యి తియ్! ఇప్పుడు తెరిస్తే లోపలి చెమ్మ పోతుంది. పెంకు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. బతికేవి కూడా బయటికి రాలేవు."

తలుపుకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలోనే పెట్టింది.

"దొంగ చేతికి తాళాలిస్తావేంటే?"

"నా దగ్గరుంటే నేనే తెరిచేస్తాను. నువ్వు భయానికైనా తెరవవు. నేనడిగినా ఇవ్వకు."

మర్నాడు మధ్యాహ్నం పెట్టె అద్దంలోంచి చూస్తూ కేక వేసింది. ముందు వరసలో ఒక గుడ్డు పగిలి, తడి పిల్ల సగం బయటికొచ్చి ఆగిపోయింది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది.

"అమ్మా, తాళంచెవి."

"ఇవ్వను."

"పెంకు కొంచెం తీస్తే చాలు. ఒక్క నిమిషం."

"మిగతావో?"

"అవి ఉన్నాయో పోయాయో ఎవరికి తెలుసు! ఇది కళ్లెదురుగా చస్తోంది. రాయివా నువ్వు?"

మిగతావన్నీ పోయే ఉంటాయని నా మనసు నిన్నటి నుంచీ చెబుతూనే ఉంది. ఆ మనసు మాట వింటే తలుపు తెరవడమే న్యాయం. బుద్ధెరిగాక మొదటిసారి మనసు మాట వినలేదు. పిడికిలి బిగించి, చూడలేక గోడ వైపు తిరిగాను.

వెనక ఏడుపు, తిట్లు. తర్వాత అవీ లేవు.

"ఏమైందే?"

"కదలట్లేదు."

గోడ మీద సున్నం పెచ్చు గోటితో గీకుతూ ఉండిపోయాను. చాలాసేపటికి ముక్కు చీదుకున్న చప్పుడు.

"అమ్మా, వెనక మూల గుడ్డుకు బీట. పక్కదానికీ... ఇటు చూడు."

"నువ్వే చెప్పు. నేను చూడను."

"చెప్తే నమ్మవుగా! రా, నీకు దణ్ణం పెడతాను."

తిరిగాను. మొదటిది మెడ వాల్చేసి అలాగే ఉంది. దాని వెనక పెంకులు ఒకటొకటిగా వణుకుతున్నాయి. మా అమ్మాయి నా భుజం పట్టుకుని ఊపేస్తోంది.

"ఇన్నిటికి మేత ఎక్కణ్ణించి తెస్తావే?" అన్నాను.